సుబ్బారావు తెచ్చిన కత్తిని మొద్దుబార్చింది మనమే

పోయినేడు మా మేనత్తకు ఊపిరితిత్తులల్ల నిమ్ము చేరింది. ముందు ఊర్లనే సూదులు ఏయించినం. తగ్గలే. మండలంల చూపెట్టినం. తగ్గలే. ఆఖరికి పట్నం తీస్కపోయినం. ఆడ ఒక పెద్ద దవాఖానల మిషిన్ మీద పెట్టి, గొంతులకెళ్లి తెమడ తీసి పరీక్షకు పంపిండ్రు. మూడో రోజు కాయితం చేతికొచ్చింది. పైన అసినెటోబాక్టర్ అని ఒక క్రిమి పేరు. కింద వరుసగ మందుల పేర్లు, ఒక్కోదాని ముంగట ఒక్కో అక్షరం. ఎస్ అని ఉంటే ఆ మందుకు క్రిమి సస్తది. ఆర్ అని ఉంటే సావది. రెండు పేర్లు తప్ప కింది దాక అన్నీ ఆర్‌లే.

మేనత్త బతికింది. ఎకరం భూమి పోయింది. ఇప్పటికీ నాలుగు అడుగులు ఏస్తే దమ్ము వస్తది.

ఆ కాయితం నా దగ్గర్నే ఉంది. ఆర్ అని రాసిన పేర్లల్ల ఒకటి టెట్రాసైక్లిన్. ఆ పేరు కాడ నా కండ్లు ఆగినయి. ఎందుకంటే ఆ జాతి మందులల్ల మొట్టమొదటిది బయటికొచ్చిన ల్యాబుకు పెద్దగ ఉన్నది ఒక తెలుగు మన్షి. యల్లాప్రగడ సుబ్బారావు. పేరు ఇన్నోళ్లు ఉంటరు. పోటీ పరీక్షల బిట్టు కోసం బట్టీ పట్టినోళ్లు ఉంటరు. ఆయన బతుకేంది, ఆయన తెచ్చిన మందును మనం ఏం చేసినం, ఇగ ముంగట ఏముంది అన్నది జరంత నిమ్మళంగ చెప్పుకుందాం.

మూడోసారికి పాసైన పోరడు

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంల పుట్టిండు. అప్పుడది మద్రాసు ప్రెసిడెన్సీ. నాయిన జగన్నాథం రెవెన్యూల చిన్న నౌకరి. అమ్మ వెంకమ్మ. ఏడుగురు పిల్లలల్ల ఈయన నాలుగోడు. ఇంట్ల పైసకు కటకట. సదువు మీద మనసు నిలువలే. చిన్నప్పుడు ఒకసారి ఇంట్ల చెప్పకుండ పారిపోయిండు. కాశీకి పోయి యాత్రికులకు అరటిపండ్లు అమ్మి పైసలు సంపాయించాల్నని ఆలోచన. అమ్మ తోవలనే పట్టుకొచ్చి మళ్ల బడికి తోలింది.

రాజమండ్రిల సదువు. ఇంట్ల వరుసగ రోగాలు, సావులు. నాయిన పోయిండు. మెట్రిక్ ఒకసారి తప్పిండు. రెండోసారి తప్పిండు. మద్రాసు హిందూ హైస్కూల్ల మూడోసారికి పాసైండు. ఇంటర్ తప్పినమని, నీట్‌ల ర్యాంకు రాలేదని ముడుచుకొని కూసున్న తమ్ముళ్లు, చెల్లెండ్లు ఈ ముక్క రెండుసార్లు సదువుండ్రి.

సన్యాసం తీసుకొని రామకృష్ణ మిషన్‌ల చేరాల్నని ఒక దశల గట్టిగ అనుకున్నడు. తల్లి ఒప్పుకోలే. డాక్టరైతే గూడ సేవనే కదా అని మఠపోళ్లే చెప్పిండ్రు. దోస్తులు తలా కొంత ఏసుకున్నరు, తర్వాత పిల్లనిచ్చిన మామ కస్తూరి సూర్యనారాయణ మూర్తి చేదోడైండు. అట్ల మద్రాస్ మెడికల్ కాలేజీల సదివిండు. 1919ల పెండ్లి. భార్య పేరు శేషగిరి.

గాంధీ పిలుపు ఇచ్చిన రోజులవి. ఇంగ్లీషోని బట్ట వద్దని, ఆపరేషన్ గదిల తొడిగే అంగీ గూడ ఖద్దరుదే తొడిగిండు. సర్జరీ నేర్పే ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కు అది నచ్చలే. రాత పరీక్షలల్ల మంచిగనే రాసినా, చేతికి ఎంబీబీఎస్ రాలే, అంతకంటె తక్కువదైన ఎల్ఎంఎస్ కాయితం ఇచ్చి పంపిండ్రు. సర్కారు వైద్య నౌకరి కోసం తిరిగిండు, దొరకలే. ఒక ఖద్దరు అంగీకి కట్టిన ధర అది. ఆ తక్కువ కాయితం ఆయన్ని అమెరికా దాక ఎంటాడింది.

ఇద్దరు అన్నదమ్ములు, ఒకటే రోగం

ఆయన బతుకును తిప్పిన దెబ్బ మాత్రం ఇంట్లనే తగిలింది. స్ప్రూ అని ఒక రోగం. తిన్నది ఒంటికి పట్టదు. నీళ్లోలె విరేచనం పోతది. రక్తం పల్చబడతది, మన్షి కండ్ల ముంగటనే ఎండుకపోతడు. ఆ రోగంతోటి ఇద్దరు అన్నదమ్ములు పది దినాలు తిరగకముందే ఒకరి ఎనుక ఒకరు పోయిండ్రు. డాక్టరు సదువు సదివిన మన్షి ఇంట్ల ఉండి ఏం చెయ్యలేకపోయిండు. ఎందుకంటే ఆ రోగానికి అప్పటి ఇంగ్లీషు వైద్యంల మందే లేదు.

తర్వాత అదే రోగం సుబ్బారావును పట్టింది. ఆచంట లక్ష్మీపతి అనే ఆయుర్వేద డాక్టరు మందిచ్చి లేపిండు. బతికినంక ఆయన నడిపే ఆయుర్వేద కాలేజీలనే సుబ్బారావు పాఠాలు చెప్పిండు. కానీ మనసుల ఒకటే కుతి. ఈ రోగం ఎందుకు వస్తది? ఒంట్ల ఏం తక్కువైతే వస్తది? తెలుసుకోవాలె. దానికి ఇక్కడ ల్యాబు లేదు, పైస లేదు. మామ కొంత సాయం చేసిండు. కాకినాడ తావు మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మనిధి ఆదుకుంటమని మాటిచ్చింది. అట్ల 1920ల మొదట్ల ఓడెక్కి అమెరికా పోయిండు. భార్యకు మూడేండ్లల్ల వస్తనని చెప్పి పోయిండు.

మళ్ల రాలే. ఆయన పోయినంక పుట్టిన కొడుకు పసితనంలనే సచ్చిపోయిండు. తండ్రి ఆ పిల్లగాని ముఖం చూడనే లేదు. శేషగిరమ్మ ఎదురుచూసుకుంటనే బతికింది. గొప్పోళ్ల కథ చెప్పేటప్పుడు ఇంటిదాన్ని ఒక్క లైనుల దాటేసుడు మనకు అలవాటు. ఆయన కనిపెట్టిన ప్రతి మందు ఖరీదుల ఆమె బతుకు గూడ కొంత ఉంది. అది మర్చిపోవద్దు.

రాత్రిపూట పోర్టరు, పగటిపూట శాస్త్రవేత్త

బోస్టన్‌ల దిగితే ఆ ఎల్ఎంఎస్ కాయితానికి విలువ లేదన్నరు. డాక్టరుగ పని దొరకలే. హార్వర్డ్‌ల ఉష్ణదేశాల వైద్యం సదువుకుంట, రాత్రిపూట దవాఖానల పోర్టరు పని చేసిండు. రోగుల మూత్రం డబ్బలు, బెడ్‌పాన్లు ఎత్తిపోసే పని. హాస్టల్ ఫీజు కోసం హోటళ్లల్ల గిన్నెలు కడిగే మన పిల్లలకు ఇది కొత్త సంగతేం కాదు.

డిప్లొమా అయినంక హార్వర్డ్ మెడికల్ స్కూల్ల బయోకెమిస్ట్రీకి చేరిండు. ఆడ సైరస్ ఫిస్కే అనే సారు కింద పని. 1925ల ఇద్దరు కల్సి నెత్తురుల, మూత్రంల భాస్వరం ఎంతుందో లెక్కగట్టే పద్ధతి బయటపెట్టిండ్రు. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అని ఇప్పటికీ బయోకెమిస్ట్రీ పిల్లలు ప్రాక్టికల్స్‌ల చేసేది అదే. ఆ పద్ధతి చేత పట్టుకొని కండల్ల వెతికిండ్రు. ఫాస్ఫోక్రియాటిన్ దొరికింది. 1929ల ఏటీపీ దొరికింది. అదే ఏడు జర్మనీల లోమన్ అనే ఆయన గూడ విడిగ ఏటీపీని పట్టుకున్నడు.

ఏటీపీ అంటే ఏంది? మనం తిన్న బువ్వ నేరుగ బలం కాదు. ఒడ్లు మార్కెట్ల అమ్మితెనే చేతికి నోటు వస్తది కదా. బువ్వ ఒడ్లైతే ఏటీపీ నోటు. ఒంట్ల ప్రతి పని ఆ నోటుతోటే నడుస్తది. కండ ఎట్ల పనిచేస్తదో చెప్పినందుకు 1922 నోబెల్ వచ్చిన సిద్ధాంతం ఉండె. దాన్ని మళ్ల రాసుకోవాల్సి వచ్చింది. ఏటీపీ సంగతి ఇంకోటి యాది పెట్టుకోండ్రి. జీన్ల సందేశాన్ని మోసే ఆర్‌ఎన్‌ఏల నాలుగు అక్షరాలుంటయి. అండ్ల ఒక అక్షరానికి ముడిసరుకు ఈ ఏటీపీనే. చివర్ల మళ్ల దీని కాడికొస్తం.

1930ల పీహెచ్‌డీ వచ్చింది. కానీ హార్వర్డ్ పక్కా నౌకరి ఇయ్యలే. ఆయన విడదీసిన పదార్థాలు కొన్ని ఫిస్కే అసూయతోటి బయటికి రానియ్యలేదని, వాటిని తర్వాతోళ్లు మళ్ల కనిపెట్టుకోవాల్సి వచ్చిందని, ఆడ ఆయనతోటి పనిచేసి తర్వాత నోబెల్ తీసుకున్న జార్జ్ హిచింగ్స్ అటెన్క చెప్పిండు. కింద పని చేసినోని పేరు పైనోడు మింగుడు మన దగ్గర్నే కాదు, ఆడ గూడ ఉంది.

మీరు మింగిన గోలీలల్ల ఆయన ఉన్నడు

1940ల సుబ్బారావు న్యూయార్క్ కాడ పెర్ల్ రివర్‌ల ఉన్న లెడర్లీ ల్యాబుకు పోయిండు. కొద్ది రోజులల్ల అక్కడి పరిశోధనకు మొత్తం పెద్ద ఆయనే. ఇగ వరుసగ మందులు.

మొదటిది ఫోలిక్ యాసిడ్. అన్నదమ్ములను తిన్న స్ప్రూకు, నెత్తురు చాలని ఒక రకం రోగానికి అందుల మందుంది. ఆయన జట్టు 1945ల దాన్ని ల్యాబుల తయారు చేసి చూపెట్టింది. ఊర్ల ఆశమ్మ గర్భిణులకు, బడి ఆడపిల్లలకు ఇచ్చే ఐరన్ గోలీల ఉన్నది ఇదే. ఇరవై ఏండ్ల కింద ఓడ ఎక్కిచ్చిన ప్రశ్నకు జవాబు అట్ల దొరికింది.

రెండోది, ఫోలిక్ యాసిడ్ లెక్కనే కనవడే దొంగ ఫోలిక్ యాసిడ్. తాళంల దొంగ చెవి ఇరికిస్తే అసలు చెవి పట్టదు కదా, అట్ల క్యాన్సర్ కణం ఇది అసలుదే అనుకొని తీస్కుంటది, ఇరుక్కుంటది, పెరుగుడు ఆగుతది. ఆయన జట్టు తయారు చేసిన ఇసొంటి మందులను బోస్టన్ డాక్టరు సిడ్నీ ఫార్బర్ బ్లడ్ క్యాన్సర్ వచ్చిన పసిపిల్లలకు ఇచ్చి చూసిండు. కొందరు పిల్లలకు కొంత కాలమన్నా రోగం ఎనుకకు తగ్గింది. అప్పటి దాక ఆ రోగానికి మందే లేకుండె. ఆ జాతిదే మెథోట్రెక్సేట్, ఇప్పటికీ వాడుతరు.

మూడోది బోదకాలు గోలీ. డీఈసీ అంటరు. సర్కారోళ్లు ఇంటింటికి వచ్చి ముంగటనే మింగిపిస్తరు సూడు, అదే. తెలంగాణ, ఆంధ్ర పల్లెలల్ల ఎంతమంది ఆ గోలీ మింగిండ్రో లెక్క లేదు. అది 1947ల ఆయన జట్టు నుంచే వచ్చింది.

బంగారు రంగు బూజు

నాలుగోదాని కోసమే ఈ కథ మొదలుపెట్టిన.

అప్పటికి పెన్సిలిన్ వచ్చింది. కానీ అది కొన్ని క్రిములనే చంపుతది. స్ట్రెప్టోమైసిన్ వచ్చింది. అది సూదితోటే ఎక్కాలె, పైగ క్రిములు దానికి తొందరగ అలవాటు పడ్తున్నయి. నోటితోటి మింగితే చాలు, రకరకాల క్రిములను అడ్డుకునే మందు కావాలె. సుబ్బారావు జట్టు మట్టిల వెతుకుడు పెట్టుకుంది. మట్టిల బతికే బూజుల్లాంటి జీవులు ఒకదాన్నొకటి చంపుకోనీకె విషం తీస్తయి. ఆ విషమే మనకు మందు.

ఈ పనికి బెంజమిన్ డగ్గర్ అనే ముసలాయనను పెట్టుకున్నరు. డెబ్బై దాటినయని యూనివర్సిటీ ఇంటికి పంపిన చెట్లు మొక్కల శాస్త్రవేత్త. దేశమంతటి నుంచి మట్టి తెప్పిచ్చి పరీక్షలు చేసిండు. మిస్సోరి యూనివర్సిటీ పొలంల గడ్డి పెంచే ఒక మడి నుంచి వచ్చిన మట్టిల, 1945ల, బంగారు రంగు తేలే ఒక జీవి దొరికింది. అది తీసే మందుకు ఆరియోమైసిన్ అని పేరు పెట్టిండ్రు. బంగారం అన్న లాటిన్ మాట నుంచి వచ్చిన పేరు. టెట్రాసైక్లిన్ జాతికి మూలం ఇదే. న్యుమోనియాల కొన్ని రకాలు, టైఫస్ లాంటి జ్వరాలు, పెన్సిలిన్ ముట్టలేని జబ్బులు దీనికి లొంగినయి.

మన్షుల మీద మొదట వాడి చూసింది ఎవరో తెలుసా? న్యూయార్క్ హార్లెం దవాఖానల నల్లజాతి సర్జన్ లూయిస్ రైట్. తెల్లోళ్ల దవాఖానలల్ల నల్ల డాక్టర్లకు తావియ్యని కాలంల నల్లోళ్ల హక్కుల సంఘానికి ఏండ్ల తరబడి అధ్యక్షత చేసిన మన్షి. ఖద్దరు అంగీకి డిగ్రీ పోగొట్టుకున్న తెలుగాయన ల్యాబు, రంగు కోసం తలుపు మూయించుకున్న నల్లాయన దవాఖాన, పనికిరావని ఇంటికి పంపిన ముసలాయన కండ్లు. ఈ ముగ్గురి చేతుల మీదుగ ఆ మందు లోకానికొచ్చింది.

1948ల దాన్ని ప్రకటించిండ్రు. పేరు డగ్గర్‌కు వచ్చింది. సుబ్బారావు పత్రికలోళ్లకు ఎప్పుడూ దూరమే. అదే ఏడు ఆగస్టుల, పండుకున్నోడు పండుకున్నట్టే, గుండె ఆగి పోయిండు. యాభై మూడేండ్లు. అమెరికా పౌరసత్వం తీసుకోలే, హిందుస్తానీగనే పోయిండు. నోబెల్ రాలే. 1995ల మన సర్కారు ఒక పోస్టల్ స్టాంపు ఏసింది.

1994ల సూరత్‌ల ప్లేగు భయం లేసినప్పుడు జనం పరుగెత్తి తెచ్చుకున్నవి టెట్రాసైక్లిన్ గోలీలే. ఆయన సచ్చిపోయి అప్పటికి నలభై ఆరేండ్లు.

కోడికి పెట్టినం, వాగుల కలిపినం

ఇగ ఎనుకటి ముచ్చట సాలు, ఆర్ అనే అక్షరం ఎట్ల పుట్టిందో చూద్దాం.

సుబ్బారావు పోయిన కొద్ది రోజులకే, అదే లెడర్లీల జ్యూక్స్, స్టాక్‌స్టాడ్ అనే ఇద్దరు ఒకటి గమనించిండ్రు. ఆరియోమైసిన్ తీసినంక మిగిలిన పిప్పిని కోడిపిల్లల దాణాల కలిపితే తొందరగ బరువు పెరుగుతున్నయి. 1950 నాటికి ఆ ముచ్చట వ్యాపారమైంది. రోగం లేని కోడికి, పందికి, దూడకు రోజూ కొంచెం కొంచెం యాంటీబయాటిక్. మందు కొంచెమే అయితే క్రిమి సావది, నేర్చుకుంటది. లోపలికొచ్చిన మందును తోడి బయటపోసే పంపు పెట్టుకుంటది. మందును నరికే కత్తెర తయారు చేసుకుంటది. ఆ కత్తెర ఎట్ల చెయ్యాలో రాసిన జీన్‌ను పక్క క్రిమికి గూడ ఇస్తది, మనం వాట్సాప్‌ల ఫార్వర్డ్ చేసినట్టు.

సుబ్బారావు పుట్టిన భీమవరం ఇప్పుడు రొయ్యల చెరువులకు పెద్ద అడ్డా. యాంటీబయాటిక్ ఆనవాళ్లున్నయని మన దేశపు రొయ్యలను యూరపు, అమెరికా తిప్పి పంపిన సంగతులు మళ్ల మళ్ల వార్తలైనయి. వాళ్లు తిప్పి పంపుతరు. మన మార్కెట్‌కు వచ్చిన సరుకును ఆపి పరీక్ష చేసేటోళ్లు ఎంతమంది?

ఇంకా దగ్గరికి రాండ్రి. పటాన్‌చెరు. 2007ల స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడ మందుల కంపెనీల మురుగును శుద్ధి చేసే ఒక కేంద్రం కాడ నీళ్లు పరీక్షించి అచ్చేసిండ్రు. అప్పుడు దాదాపు 90 కంపెనీల నీళ్లు అక్కడికొస్తుండె. శుద్ధి అయి బయటికొచ్చే నీళ్లల్ల సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాక ఉంది. గోలీ మింగిన మన్షి నెత్తురుల ఉండేదాని కంటె ఎక్కువ. ఆ నీళ్లు అప్పుడు ఇసుకవాగుల, నక్కవాగుల పడ్తుండె. నక్కవాగు మంజీరల, మంజీర కందకుర్తి కాడ గోదాట్ల కలుస్తది. ఆ గోదారి డెల్టలనే భీమవరం ఉంది.

ఈ లెక్కలు బయటికొచ్చినంక పదమూడేండ్లకు, 2020 జనవరిల, మందుల కంపెనీల మురుగుల యాంటీబయాటిక్ ఇంత కంటె ఎక్కువ ఉండొద్దని కేంద్రం ముసాయిదా రాసింది. 2021ల అసలు నోటిఫికేషన్ వచ్చేసరికి ఆ హద్దులు మాయమైనయి. ఎవరి మాట ఇని తీసేసిండ్రో అడగాల్సిన బాధ్యత మనది. కోళ్ల దాణాల కొలిస్టిన్ కలపొద్దని 2019ల నిషేధం పెట్టిండ్రు, అది మంచి పని. కొలిస్టిన్ అంటే అన్ని మందులు ఓడిపోయినంక ఆఖరికి ఇచ్చేది. ఆఖరి మందును కోళ్లకు పెట్టిన దేశం మనది.

దీని ఫలితం ఊపిరితిత్తుల మీద పడ్తది. 2019ల లోకం మొత్తం మీద మందులకు లొంగని బ్యాక్టీరియాతోటి నేరుగ సచ్చినోళ్లు 12 లక్షల 70 వేల మంది అని లాన్సెట్ పత్రికల అచ్చైన లెక్క. ఆ మొండి క్రిములతోటి సంబంధమున్న సావులు గూడ కలుపుకుంటే, అన్నింట్ల ఎక్కువ ఊపిరితిత్తుల జబ్బులతోటే అయినయి. ఐసీయూల గొంతుల పైపు పెట్టినోళ్లను పట్టే క్రిములు అసినెటోబాక్టర్, సూడోమోనాస్, క్లెబ్సియెల్లా. ఎన్‌డీఎం-1 అని ఒక కత్తెర ఉంది, పెద్ద మందులైన కార్బపెనెమ్‌లను గూడ నరుకుతది. దాని పేరుల ఎన్‌డీ అంటే న్యూఢిల్లీ.

జీన్ నోరు మూయించుడు

మరి కొత్త మందు లేదా? వస్తున్నదాంట్ల ఒకటి చెప్త. సుబ్బారావు ఇంటే మురుస్తుండె.

బ్యాక్టీరియాను ఒక కార్ఖాన అనుకోండ్రి. జీన్ అంటే ఆఫీసుల ఉన్న పెద్ద రిజిస్టర్. ఏదన్నా వస్తువు కావాలంటే రిజిస్టర్ల ఆ పేజీ చూసి ఒక చిట్టీ రాస్కుంటరు. ఆ చిట్టీని మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ అంటరు. లోపల మేస్త్రి ఆ చిట్టీ సదివి ప్రొటీన్ కడ్తడు. టెట్రాసైక్లిన్ చేసే పని మేస్త్రి చేతులు కట్టేసుడు. క్రిమి ఏం చేసింది? టెట్రాసైక్లిన్‌ను బయటికి తోడుడు నేర్చుకుంది.

కొత్త ఆలోచన మేస్త్రి జోలికి పోదు, చిట్టీని పట్టుకుంటది. చిట్టీల నాలుగే అక్షరాలు, ఒక్కోదానికి జోడీ అక్షరం ఒకటి. ఏ జీన్ ఆగాలో దాని చిట్టీకి సరిగ్గ అతుక్కునే జోడీ ముక్కను ల్యాబుల తయారు చేస్తరు. అది పోయి చిట్టీ మీద అతుక్కుంటది. మేస్త్రి సదవలేడు. ఆ వస్తువు తయారు కాదు. రిజిస్టర్ చింపలే, కార్ఖాన కూలగొట్టలే, ఒక్క మాట బయటికి రాకుండ ఆపినం, అంతే. దీన్నే జీన్ సైలెన్సింగ్ అంటరు. ఆ ముక్కను యాంటీసెన్స్ అంటరు. దొంగ ఫోలిక్ యాసిడ్‌ల ఉన్న తెలివి లాంటిదే ఇది. అసలుదాని జాగల మన ముక్క పోయి కూసుంటది. తాళానికి బదులు అక్షరాల మీద పనిచేస్తది. ఆ అక్షరాలల్ల ఒకదానికి ముడిసరుకు సుబ్బారావు 1929ల కండల్ల పట్టుకున్న ఏటీపీ.

ఇట్ల ఆపొచ్చని 1978ల అమెరికాల జామెక్నిక్, స్టీఫెన్‌సన్ ఒక వైరస్ మీద చూపెట్టిండ్రు. మన్షుల జబ్బులకు ఈ జాతి మందులు కొన్ని ఇప్పటికే వచ్చినయి. 1998ల కంటి వైరస్ జబ్బుకు ఒకటి, 2016ల పిల్లల కండలు కరిగిపోయే డుషేన్ జబ్బుకు ఒకటి. బ్యాక్టీరియా కాడ కథ కష్టమైంది. దాని గోడ గట్టిది, ఈ ముక్క లోపలికి పోదు. అందుకని ముక్కకు ఒక చిన్న ప్రొటీన్ తోక కట్టి లోపలికి తోలుతున్నరు. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ బ్రూస్ గెల్లర్, టెక్సస్ డాక్టరు డేవిడ్ గ్రీన్‌బర్గ్ జట్టు 2013ల దీన్ని అసినెటోబాక్టర్ మీద చూపెట్టింది. ఊపిరితిత్తులల్ల ఆ మొండి క్రిమి ఎక్కించిన ఎలుకలకు ఈ ముక్క ఇస్తే క్రిమి తగ్గింది, ఎక్కువ ఎలుకలు బతికినయి. మా మేనత్త కాయితం మీద ఉన్న క్రిమి అదే. 2017ల ఇంకో సంగతి. ఎన్‌డీఎం-1 కత్తెర తయారు చేసే చిట్టీనే మూసేస్తే, ఎలుకలల్ల పాత కార్బపెనెమ్ మందు మళ్ల పనిచేసింది. అంటే మొద్దుబారిన కత్తికి మళ్ల పదును పెట్టినట్టు.

దీంట్ల ఒక మంచి, ఒక చెడు. మంచి ఏందంటే, ఏ క్రిమి చిట్టీకి ముక్క తయారు చేస్తే ఆ క్రిమే ఆగుతది, కడుపుల మనకు మేలు చేసే బ్యాక్టీరియా జోలికి పోదు. క్రిమి అక్షరం మార్చుకుంటే మనం గూడ ముక్కల అక్షరం మార్చొచ్చు. చెడు ఏందంటే, ఇది మన్షి ఊపిరితిత్తుల మందుగ ఇంకా రాలే. అన్నీ ఎలుకల కాడనే ఉన్నయి. పైగ రోగిని పట్టింది ఏ క్రిమో ముందే పరీక్ష చేసి తెలుసుకోవాలె. మండల దవాఖానల ఆ పరీక్షే లేనప్పుడు మందు వచ్చి ఏం లాభం? ఇంకోటి. ఈ ముక్కలు లోపలికి పోయే దర్వాజను మార్చేసుకున్న బ్యాక్టీరియా ల్యాబులల్ల అప్పుడే కనవడ్డయి. అంటే ఈ కొత్త కత్తికి గూడ ఆర్ అనే అక్షరం పుడ్తది. తొందరగ పుడ్తదా, నిమ్మళంగ పుడ్తదా అన్నది మన చేతులల్ల ఉంది.

ఎర్ర గీత

ఊరి ఆర్‌ఎంపీని తిట్టుడు అలకటి పని. నేను తిట్ట. పీహెచ్‌సీల డాక్టరు ఉంటే రాత్రి పది గంటలకు ఆయన ఇంటి తలుపు ఎందుకు కొడ్తం? కూలికి పోయేటోడు రెండు దినాలు మంచాన పడితే పూట గడువదు, అందుకే గట్టి మందు ఏయమంటడు. తప్పు ఆయన ఒక్కనిది కాదు. కానీ దాని అప్పు ఎవరింట్లనో ఒకరింట్ల తీర్చాల్సి వస్తది. మా ఇంట్ల తీర్చినం.

అందుకని మీ చేతులల్ల ఉన్నవి చెప్త. గోలీల పట్టీ ఎనుక ఎర్ర గీత ఉంటే అది డాక్టరు రాసిస్తెనే వాడాల్సిన మందు. సర్దికి, వైరస్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచెయ్యదు. డాక్టరు రాసిన కోర్సును నడుమ ఆపొద్దు, ముఖ్యంగ టీబీ మందు. మిగిలిన గోలీలు పక్కింటోళ్లకు ఇయ్యొద్దు. కోళ్ల ఫారం, చెరువు నడిపే తమ్ముళ్లుంటే దాణా బస్తా మీద ఏం రాసుందో సదువుండ్రి. మందు అంటే జబ్బు పడ్డ కోడికే.

మీ చేతులల్ల లేనియి సర్కారును అడగాలె. మండలానికి ఒక్క తావున్నన్నా తెమడ, మూత్రం పరీక్షించి ఎస్, ఆర్ చెప్పే ల్యాబు కావాలె. 2021ల మాయమైన మురుగు హద్దులు మళ్ల రావాలె. వాగు పక్కన ఉన్న ఊర్లకు ఆ నీళ్ల పరీక్ష లెక్కలు తెలుగుల గోడ మీద అతికియ్యాలె. వచ్చే గ్రామసభల ఈ మూడు కాయితం మీద రాసి ఇయ్యుండ్రి, ముట్టినట్టు సంతకం తీస్కోండ్రి.

సుబ్బారావుకు ఫోలిక్ యాసిడ్ చేతికొచ్చేసరికి అన్నదమ్ములు పోయి ఇరవై ఏండ్లు దాటింది. ఆయనకు మందు దొరకక ఆలస్యమైంది. మా మేనత్తకు మందు ఉండి పనిచెయ్యకపోయె. మీ ఇంట్ల ఎవరికన్నా అసొంటి కాయితం చేతికొస్తే, కింది దాక వరుసగ ఆర్‌లు సదువుకునే రోజు రాకుండ, ఇప్పటి నుంచే అడుగుడు మొదలుపెట్టుండ్రి.